అత్తగారి ఎడమ కనుబొమ

అత్తగారి కనుబొమల్లో ఎడమది కుడిదానికంటే కాస్త ఎత్తు. లెక్కల మాస్టారైన కొడుకు దాన్ని అసౌష్ఠవం అనేవాడు. బ్యూటీ పార్లర్ నడిపే కోడలు మాత్రం పోలీస్ స్టేషన్ అనుకునేది. పాలు పొంగినా, తలుపు చప్పుడైనా ఆ కనుబొమ లేచేది, ఇంటిల్లిపాదీ గప్‌చుప్. మామగారు షుగరు మనిషి. కాలి పుండు మానకపోతే పాదం తీసెయ్యాలని డాక్టరు చెప్పాక, ఆయన తీపి జోలికి పోకుండా కాపలా కాసిందీ ఆ కనుబొమే.

అలాంటి అత్తగారు ఒకరోజు తనంతట తానే వచ్చి పార్లర్ కుర్చీలో కూర్చుంది.

"ఫోటోల్లో వంకరగా వస్తున్నానే. రెండూ ఒక్కలా చెయ్యి."

కోడలి పంట పండింది. దారం పళ్లతో బిగించి, ఎడమ కనుబొమ పైవరస పీకి పారేసింది. అత్తగారి కళ్లమ్మట నీళ్లు కారుతుంటే, "అయిపోయింది అత్తయ్యా, ఇంకొంచెమే" అంటూ కొంచెం ఎక్కువే లాగింది.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో ఆవిడని పట్టించుకున్న నాథుడు లేడు. కోపంగా చూస్తే దారి అడగబోతున్నట్టుంది. మాస్టారు తడి తువ్వాలు మంచం మీదే పడేశాడు. కోడలు కాళ్లు బార్లా చాపి టీవీ చూసింది. పెళ్లయ్యాక ఇంత సుఖం ఎరగదు.

మర్నాడు మామగారు భార్య ఎదుటే కేకు ముక్క నోట్లో పెట్టుకున్నారు. ఆవిడ గుడ్లురిమింది. ఆయన నవ్వి ఇంకో ముక్క తీశారు. కోడలు ఒక్క ఉదుటున లేచి వచ్చింది. ఇదంతా తన చేతి చలవే.

"మామయ్యా, వద్దండీ!"

"మీ అత్తయ్యే ఊరుకుంది, నీకెందుకమ్మా?"

"నేనేం ఊరుకోలేదు," అంటూ అత్తగారు ఆయన పక్కన కూలబడింది. "భయమేస్తోందండీ. మీ కాలు పోతే చూడలేను. మీరే పోతే నేనుండలేను." అందరి ముందూ భోరుమంది.

మామగారు కేకు కింద పెట్టేశారు. కాసేపు ఆవిడ చెయ్యి పట్టుకుని కూర్చుని, కుంటుకుంటూ లేచి వెళ్లారు. బీరువా మీద నుంచి బిస్కెట్లు, పాత సూట్‌కేసులోంచి చాక్లెట్లు, చెప్పుల స్టాండు వెనక నుంచి జామ్ సీసా తెచ్చి ఆవిడ ఒళ్లో పోశారు.

"ఇవన్నీ ఎప్పటినుంచి?"

"నువ్వు కనుబొమ ఎత్తడం మొదలెట్టినప్పట్నుంచీ," అన్నారు మామగారు తల వంచుకుని. "నువ్వలా చూస్తే తినడం మానలేదే, దాచుకోవడం నేర్చుకున్నాను."

అత్తగారి కనుబొమలు రెండూ ఒకేసారి పైకి లేచాయి. నవ్వే సాహసం ఎవరూ చెయ్యలేదు.