లింగన్న గుడి కేక

మానసకు చిన్నప్పటి నుంచీ ఒక దురద ఉంది. దేన్నైనా "ఎందుకు" అని అడగనిదే అన్నం సయించదు. దేవుడికి కోడెను ఎందుకు కడతారు, కడితే కోడె ఏమనుకుంటుంది అని వేములవాడ క్యూలైన్లో అడిగి, వాళ్ల బాపు చేత తిట్లు తిన్న పిల్ల. ఇప్పుడు కోరుట్లలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. అయినా దురద తగ్గలేదు. అన్నిటికీ ఎవరో ఒకరు ఏదో ఒక జవాబు చెప్పారు గానీ, ఒక్క ప్రశ్నకు మాత్రం సొంత ఇంట్లోనే జవాబు దొరకలేదు. శ్రావణమాసంలో లింగన్న గుడి ముందు నిలబడి బాపు ఏమని కేకేస్తాడు?

లింగన్నరేవు గోదావరి ఒడ్డు ఊరు. అక్కడివాళ్లు గోదావరి అనరు, గంగ అంటారు. ఒడ్డున ఎత్తైన దిబ్బ మీద రామలింగేశ్వరుడి గుడి. ఏటా శ్రావణంలో ఒక సోమవారం పొద్దున గుడి తలుపులు మూసి లోపల గడియ పెడతారు. గడియ పట్టుకుని నిలబడేది పెద్ద రైతు ఎల్లన్న. అది తరతరాలుగా వాళ్ల ఇంటి హక్కు. బయట మెట్ల కింద నిలబడి మూడు కేకలు వేసేది మానస వాళ్ల ఇంటివాడు. మూడో కేకకు తలుపు తీస్తారు. గడప బయటే కేకేసినవాడి తలకు సిరిసిల్ల రుమాలు చుట్టి, చాటెడు బియ్యం పోస్తారు. ఆ తర్వాత ఊరంతా లోపలికి పోతుంది, కేకేసినవాడు ఇంటికి పోతాడు. మానస బాపు రాజయ్యది ఆదివారం చర్చి, శ్రావణంలో కేక. ఏసుప్రభువూ లింగన్నా ఈ విషయంలో ఎన్నడూ తగువు పడలేదు. తగువు పడేది మనుషులే కదా.

కథ ఊరందరికీ తెలిసిందే. ఈ ఏడు దాన్ని ఫ్లెక్సీ మీద కూడా వేయించారు. పూర్వం ఒక రాత్రి గంగ పొంగితే, కావలి ఉన్న రాజయ్య పూర్వీకుడు కేకలేసి ఊరిని లేపాడట. ఊరంతా గుడి ఎక్కి బతికింది. ఆయన్ను మాత్రం నీళ్లు తీసుకుపోయాయి. అందుకే ఆ ఇంటి కేక వినందే స్వామి తలుపు తీయనివ్వడట. మంచి కథే. కాకపోతే మానసకు ఒకటి కొరుకుడుపడలేదు. ఊరిని లేపాలంటే ఊళ్లో తిరుగుతూ అరవాలి గానీ, గుడి ముందు అరవడమేంటి? పైగా తలుపు మూయడం దేనికి?

పోనీ బాపు కేక విందామంటే సాయన్న జట్టు డప్పులు మిన్ను విరిగేలా మోగుతాయి. సాయన్న మానసకు సొంత మేనమామ. బాపు నోరు తెరవడం కనిపిస్తుంది, మెడ నరాలు ఉబ్బడం కనిపిస్తుంది, మాట మాత్రం వినపడదు. అడిగితే, "కేకేసేటోనికే చెప్తరు బిడ్డా" అనేవాడు రాజయ్య. అంటే అన్న రాకేశ్‌కు చెప్పాలి. వాడేమో మస్కట్‌లో ఉన్నాడు.

ఈ ఏడు రాజయ్యకు గొంతులో గడ్డ తీశారు. గొంతు ఎత్తొద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. ఎత్తుదామన్నా లేదు, గుసగుసే మిగిలింది. గుడి కమిటీ కూర్చుంది. కమిటీలో అన్నిటికీ ముందుండే కుర్రాడు హరీశ్ ఫోన్ తీశాడు.

"పోయినేటి వీడియో ఉన్నది గదా. మైకుల పెడుదం. కేకకు కేక, తిప్పల లేదు."

 రాజయ్య ఇంటికొచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఏడాదంతా ఊరికి అతను కూలోడే. ఆ ఒక్క పొద్దు మాత్రం ఊరు ఊరంతా అతని నోటి వైపు చూసేది. ఇప్పుడు ఆ మర్యాద ఫోన్లోకి పోతోంది. తండ్రి అలా కూర్చోవడం మానస చూడలేకపోయింది.

"నేనేస్త బాపు, కేక" అంది.

ఆడపిల్లేంది, కేకేంది అని కమిటీ గొణిగింది. ఎల్లన్నే తేల్చాడు. "ఆ ఇంటి కేక గావాలె. ఆడా మొగా అని స్వామి అడిగిండా?"

ఇక చెప్పక తప్పలేదు. ఆదివారం ప్రార్థన అయ్యాక రాజయ్య కూతురిని గంగ ఒడ్డుకు తీసుకుపోయాడు. ఎగువన డ్యాము గేట్లు ఎత్తారు. ఎర్రనీళ్లు ఒడ్డును ఒరుసుకుంటూ పోతున్నాయి. బాపు గుసగుస వినపడక మానస చెవిని ఆయన నోటి దగ్గర పెట్టింది.

"మనోడు ఊరును లేపలే బిడ్డా. ఊరు ముందుగాలనే గుడి ఎక్కింది. ఎక్కి తలుపు వెట్టుకున్నది. మనోడు పిల్లను సంకలేసుకొని నీళ్లల్ల వడి అచ్చి మెట్ల మీద నిలవడ్డడు. మన వాడోళ్లు గుడిల అడుగు వెట్టొద్దాయె. తియ్యలే. మూడుమాట్లు పిలిసిండు."

"ఏమని?"

రాజయ్య ఆ మాటలు చెప్పాడు.  మానసకు ఇన్నేళ్ల దురద తీరింది. తీరాక అనిపించింది, తీరకపోయినా బాగుండేదని.

"మరి డప్పులు?"

"గందుకే. ఏటేటా అనాలె గని ఎవ్వలకు ఇనవడొద్దు. కొట్టేటోళ్లకు గుడ తెల్వదు. ఇనవడ్డనాడు ఊరు మన మొకం సూడది. రుమాలుండది, మర్యాదుండది. నీకు దండం వెడ్త, డప్పు నడుమనే అను."

మానస సరేనంది. బాపు కోసమే కదా ఇదంతా.

సోమవారం పొద్దున జనం రేవు నిండా నిలబడ్డారు. పెగడపల్లి నుంచీ రుద్రంగి నుంచీ చుట్టాలు దిగారు. తలుపు మూశారు. డప్పులు లేచాయి. మానస మొదటి కేక వేసింది. తన కేక తనకే వినపడలేదు. రెండోది వేసింది. "పిట్ట గొంతాయె" అని ఎవరో అంటే చుట్టూ నవ్వారు. సాయన్నకు మనసు చివుక్కుమంది. మేనకోడలి పరువు పోతోందనుకున్నాడు. పాపం, మంచికే అనుకుని పుల్ల పైకెత్తి డప్పులు ఆపించాడు.

రేవంతా ఒక్కసారిగా సద్దుమణిగింది. గంగ మోత ఒక్కటే మిగిలింది. జనం అంచున రాజయ్య వద్దు వద్దని తల ఊపుతున్నాడు. హరహర మహాదేవ అనేస్తే సరిపోయేది. గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? అసలు మాట ఎవరికి తెలుసు గనక? మానస అదే అందామనుకుంది కూడా. కానీ ఆసుపత్రి గుమ్మంలో తాము దెబ్బలతో ఉండి కూడా ముందు బిడ్డను చేతులు చాచి అందించే మనుషులను ఆమె చూసింది. ఆ సంకలోని పిల్ల కళ్ల ముందు కదిలింది. నోరు దానంతట అదే తెరుచుకుంది.

"తలుపు తియ్యుండ్రి! నన్ను రానియ్యకున్నా మంచిదే, మెట్ల మీదనే ఉంట. పిల్లనన్న తీసుకోండ్రి!"

 వీడియో తీస్తున్న హరీశ్ ఫోన్ కిందికి దించాడు. రాజయ్య ఇసుకలో కూలబడి తల పట్టుకున్నాడు. మూడో కేక అయింది, తలుపు మాత్రం తెరుచుకోలేదు. అయిపోయిందనుకుంది మానస, బాపుకున్న ఆ ఒక్కటీ తన చేతులతోనే పోగొట్టానని. లోపల పూజారి, "పటేలా, వేళవుతున్నది" అనడం వినిపించింది.

చివరికి గడియ తీసిన చప్పుడైంది. ఎల్లన్న తలుపు మధ్యలో నిలబడ్డాడు. చేతిలో రుమాలు ఉంది గానీ గడప దాటి బయటికి రాలేదు. ఆయన ముఖం చూసి ముందు వరుసవాళ్లు వెనక్కి జరిగారు.

"గడియ వట్టేటోనికి మా ఇంట్ల గుడ ఒక మాట చెప్తరు" అన్నాడు. "ఆ దినం గంగ మోతకు బయటి పిలుపు ఇనవడలేదని. మా నాయిన నాకు గట్లనే చెప్పిండు. నేను నా కొడుక్కు గట్లనే చెప్పిన." ఒక్కసారి నీళ్ల వైపు చూశాడు. "ఇయ్యాల గుడ గంగ గంతే మోగుతున్నది. అయినా మంచిగ ఇనవడ్డది."

ఆయన పక్కకు జరిగాడు. "రాజయ్యా, లోపటికి రా. రుమాలు ఈడ కడ్త."

రాజయ్య లేవలేదు. మానస వెళ్లి లేపింది. ఆయన గుసగుసగా ఏదో అన్నాడు. మానసే గట్టిగా చెప్పాల్సి వచ్చింది. "చర్చికి పోయేటోన్ని, ఎట్ల అస్త అంటున్నడు."

"ఆ దినం ఏమడగకుంట తియ్యాలె తలుపు" అన్నాడు ఎల్లన్న. "ఇయ్యాల నేనేం అడుగుత?"

మానస బాపు చెయ్యి పట్టుకుని మెట్లెక్కించింది. ఎన్నో ఏళ్లు ఆ తలుపు తీయించినవాడు గడప మీద కాలు పెట్టడానికి జంకి, కూతురి భుజం పట్టుకుని దాటాడు. దాటాక ఏడ్చాడు. గొంతు లేదు కదా, చప్పుడు రాలేదు. మానస మాత్రం అందరూ వినేలాగే ఏడ్చింది.