మేష్టారి ఎడమ కాలు

పొద్దున లేవగానే ఆ ఇంట్లో మొదటి పని అడ్డుచెక్కలు చూసుకోవడం. మంచం కాళ్ళ దగ్గర ఒకటి, భోజనాల బల్ల దగ్గర ఒకటి, బీరువా కింద ఒకటి, ఇంటావిడ అత్తగారి కుర్చీకి రెండు. రాత్రంతా ఇల్లు వీధి వైపు ఒరిగి ఉండేది కాబట్టి తెల్లారేసరికి కొన్ని చెక్కలు ఊడిపోయేవి. ఆ ఇంటాయన వంగి ఒక్కొక్కటీ సరిచేసేవాడు. వీధి గుమ్మం దగ్గర పోగుపడ్డ నిమ్మకాయల్ని, దారపు ఉండల్ని, అత్తగారి పళ్ళసెట్టు డబ్బాని ఏరి ఎక్కడివక్కడ పెట్టేవాడు. ఆ తర్వాతే టీ. అదీ సగం గ్లాసే, నిండా పోస్తే ఒలికిపోతుందని.

కారణం ఇంట్లోవాళ్ళకే కాదు, వీధి మొత్తానికీ తెలుసు. హాల్లో వేలాడే పంజరంలో మేష్టారు ఎడమ కాలు కింద పెట్టడం మానేశారు.

మేష్టారంటే బూడిద రంగు చిలుక. కళ్ళద్దాల పైనుంచి చూసినట్టు ముక్కు మీదుగా మనిషిని ఎగాదిగా చూసే అలవాటు వల్ల ఆ పేరు వచ్చింది. ఒంట్లో బాగున్న రోజుల్లో మేష్టారు కునుకు తీస్తూ ఒక కాలు ఈకల్లోకి ముడుచుకునేవారు. కుడి కాలు ముడిస్తే ఇల్లు పెరటి వైపు కొంచెం ఒరిగేది, ఎడమ కాలు ముడిస్తే వీధి వైపు. కాసేపు అటు, కాసేపు ఇటు. ఉయ్యాల్లో పడుకున్నట్టు హాయిగా ఉంటుందనేవారు అత్తగారు. కానీ కొన్ని నెలలుగా నిద్రలోనూ ఎడమ కాలే, మెలకువలోనూ ఎడమ కాలే. ఇల్లు ఎప్పుడూ వీధి వైపే. ఇక ఇంట్లో ఎవరికీ స్థిమితం లేదు. పడుకుంటే జారిపోతున్నట్టుండేది, కూర్చుంటే లేవాలనిపించేది, లేస్తే కాళ్ళు వాటంతటవే గుమ్మం వైపు నడిచేవి.

ఆ ఇంటాయనది లేతు పని. ఇంటి పక్క షెడ్డులో కుర్చీ కాళ్ళు, మెట్ల కటకటాలు, అప్పడాల కర్రలు తిప్పేవాడు. ఆయన చేతిలో పడ్డ చెక్క అద్దంలా తేలాల్సిందే. ఇంట్లో ఎక్కడ చెయ్యి వేసినా జారేది. మాట కూడా అంతే. పెళ్ళయిన ఇన్నేళ్ళలో భార్యని ఒక్క గరుకు మాట అన్న పాపాన పోలేదు. కూర ఏం చెయ్యమంటారన్నా, గోడకి ఏ రంగు వేయిద్దామన్నా, ఆయన జవాబు ఒకటే. "నీ ఇష్టం."

అదే మాట పొద్దస్తమానం వినీ వినీ మేష్టారికీ వచ్చేసింది. ఆవిడ నోరు విప్పితే చాలు, రెండు నోళ్ళు "నీ ఇష్టం" అనేవి.

ఆవిడ ఒక కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్ష చేసేది. వచ్చినవాళ్ళ కంటి ముందు ఒక అద్దం పెట్టి, తీసి, ఇంకోటి పెట్టి, "ఇలా బాగుందా, అలా బాగుందా?" అని అడగడం ఆవిడ ఉద్యోగం. కొందరు మొహమాటస్తులుంటారు. "మీ ఇష్టమండీ" అంటారు. "చూసేది మీరు. మధ్యలో నా ఇష్టమేమిటండీ?" అని ఆవిడ నవ్వుతూనే మళ్ళీ మొదటి అద్దం పెట్టేది. నోరు తెరిచి చెప్పేదాకా ఎవర్నీ కుర్చీలోంచి లేవనిచ్చేది కాదు.

దుకాణం వాళ్ళు వేరే ఊళ్ళో ఇంకో కొట్టు తెరుస్తూ ఆవిడని వెళ్ళి చూసుకోమన్నారు. ఆ సంగతి భోజనాల దగ్గర చెప్పింది.

"వెళ్ళమంటారా? మానెయ్యమంటారా?"

ఆయన కంచం జారకుండా రెండు చేతులతో పట్టుకున్నాడు. "నీ ఇష్టం. నీకెలా బాగుంటే అలా."

"నీ ఇష్టం" అన్నారు పంజరంలోంచి మేష్టారు.

ఆవిడకి ఒళ్ళు మండింది. వెళ్ళమంటే సంతోషంగా వెళ్ళేది, వద్దంటే పోట్లాడి అయినా ఏదో ఒకటి తేల్చుకునేది. ఇదేమిటి, తను ఉన్నా లేకపోయినా ఈ మనిషికి ఒకటేనా అని దిగులు పట్టుకుంది. వచ్చే నెల మొదటి ఆదివారం సాయంత్రం రైలుకి టికెట్టు తీసుకుని, చక్రాల సూట్‌కేసు సర్దేసింది.

అది మంచం పక్కన నిలబడితేనా? తిరిగి చూసేలోపు హాలు దాటి, వీధి గుమ్మం దగ్గరికి దొర్లిపోయి ఎదురుచూస్తూ ఉండేది. ఆయన దాన్ని వెనక్కి తెచ్చి, చక్రాలు తుడిచి, మంచం పక్కన పెట్టేవాడు. ఇంట్లో దొర్లే ప్రతి వస్తువుకీ అడ్డుచెక్క చేసిన మనిషి దానికి మాత్రం చెయ్యలేదు. అడ్డు పెడితే ఆవిడ దారికి అడ్డుపడినట్టవుతుందని ఆయన భయం. పెట్టకపోతే పొమ్మన్నట్టేనని ఆవిడ బాధ. ఆ సంగతి ఇద్దరిలో ఒకరు పైకి అంటే సరిపోయేది.

ఈలోగా మేష్టారి కాలికి వైద్యాలు జరిగాయి. చలికి ముడుచుకుంటోందని అత్తగారు పంజరానికి తన శాలువా కప్పారు. మేష్టారు ఆ శాలువా అంచు కొరికి పోగులు పెట్టారు. పక్షులమ్మే కొట్టాయన వచ్చి గోళ్ళు పెరిగాయని కత్తిరించి, నీళ్ళలో కలపమని ఒక మందు సీసా ఇచ్చిపోయాడు. మర్నాటికి ఇల్లు ఇంకాస్త ఒరిగింది. ఇంటాయనకి మాత్రం తన అనుమానం తనకుంది. మేష్టారు నిలబడే కర్ర ఆయన స్వయంగా లేతు మీద తిప్పినదే. ఎక్కడో పెచ్చు లేచి అరికాల్లో గుచ్చుకుంటోందనుకుని, కర్ర బయటికి తీసి, ఉన్నవాటిలోకి సన్నటి గరుకు కాగితంతో ఒక పూటంతా రుద్ది, మైనం పట్టించి మళ్ళీ పెట్టాడు. ఈగ వాలినా జారేలా తయారైంది. ఆ మధ్యాహ్నం అత్తగారు కుర్చీతో సహా గడప దాకా జారిపోయారు.

సమయానికి ఉత్తరాలిచ్చే ఆయన గుమ్మంలో ఉండబట్టి కుర్చీని రెండు చేతులా ఆపాడు. "మీ చిలక్కింకా తగ్గలేదా పెద్దమ్మగారూ? గడియారం స్తంభం వెనక ఒకావిడ పక్షుల్నే చూస్తారు. అక్కడికి తీసుకెళ్ళకూడదా?"

అత్తగారు కోడలి వైపు తిరిగారు. "వాడికి చెబితే నీ ఇష్టమంటాడు. నువ్వే తీసుకెళ్ళవే అమ్మా. నువ్వెళ్ళేలోపు ఈ ఇల్లు నిలబెట్టి పో."

ఇద్దరూ వెళ్ళారు. ఆవిడ పంజరం పట్టుకుంది. ఆయన తను చేసిన కర్రని గుడ్డలో చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

పక్షుల డాక్టరు మేష్టారిని ముట్టుకోకుండా ముందు దూరం నుంచి చూసింది. తర్వాత అడిగింది. "ఇల్లు ఎటు ఒరుగుతోంది?"

"వీధి వైపండీ" అంది ఆవిడ.

"అప్పుడప్పుడైనా పెరటి వైపు ఒరగదా?"

"నెలలయింది, లేదండీ."

"నిద్రలో కాలు ముడిస్తే అది విశ్రాంతి. మెలకువలో, అదీ ఎప్పుడూ ఒకటే కాలు ఎత్తుతుంటే అది నొప్పి. ఇన్నాళ్ళలో అరికాలు ఎవరైనా తిప్పి చూశారా?"

మొగుడూ పెళ్ళాం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కాలు అందరూ చూశారు. అరికాలు చూడాలని ఎవరికీ తోచలేదు.

డాక్టరు మేష్టారిని చిన్న డబ్బాలో పెట్టి బరువు తూచింది. ఉండాల్సిన దానికంటే ఎక్కువే. తువ్వాల్లో చుట్టి, ఎడమ కాలు వెల్లకిలా తిప్పి, దీపం దగ్గరికి లాగింది. అరికాలి మీద ఉండాల్సిన గరుకు పొలుసులు అరిగిపోయి చర్మం ఎర్రగా, నున్నగా మెరుస్తోంది. మధ్యలో నల్లటి పెచ్చు, చుట్టూ వాపు. మేష్టారు "నీ ఇష్టం, నీ ఇష్టం" అని గింజుకున్నారు.

"చలీ కాదు, గోరూ కాదు. అరికాలి పుండు. ఎముకదాకా పాకిందేమో చూడాలి" అని లోపలికి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీసింది. వాళ్ళిద్దరూ బెంచీ మీద కూర్చోలేక లేచి నిలబడ్డారు. నిలబడలేక కూర్చున్నారు. కాసేపటికి డాక్టరు తిరిగొచ్చింది. "ఎముక బాగానే ఉంది. ఇంకొన్నాళ్ళు ఆలస్యం చేసుంటే కాలు పోయేది. బరువంతా మోసీ మోసీ కుడి అరికాలు కూడా ఎర్రబడుతోంది. ఇంతకీ మీ చిలుక దేని మీద నిలబడుతుంది?"

ఆయన గుడ్డ విప్పి కర్ర చేతికిచ్చాడు. డాక్టరు దాని మీద వేలు పోనిచ్చింది, ఈ చివర నుంచి ఆ చివరికి. "చాలా బాగా చేశారండీ" అంది. "జబ్బు ఇదే."

ఆయనకి అర్థం కాలేదు.

"సన్నం లావు తేడా లేదు, గరుకన్నది లేదు. ఎలా నిలబడినా బరువు అరికాల్లో ఒకే చోట పడుతుంది. జారిపోకుండా ఉండటానికి రోజంతా బిగబట్టుకుని ఉండాలి. పైగా గింజలు తిని ఒళ్ళు చేసింది."

"గుచ్చుకుంటుందేమోనని నున్నగా చేశానండీ."

"నిజమే. కానీ పట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాలి కదండీ."

ఆవిడ గోడకున్న పిచ్చుక బొమ్మని చాలా శ్రద్ధగా చూసింది.

డాక్టరు పుండు కడిగి, మందు రాసి, మెత్తటి కట్టు కట్టింది. కట్టు రోజు విడిచి రోజు మార్చాలి, పెచ్చు గిల్లకూడదు, నోట్లో చుక్కల మందు మానకూడదు. పొద్దుతిరుగుడు గింజలు తగ్గించి క్యారెట్టు, ఆకుకూర పెట్టాలి. అన్నిటికంటే ముందు ఆ కర్ర తీసేసి బెరడున్న చెట్టుకొమ్మలు, లావువీ సన్నవీ, వంకరటింకరవి పెట్టాలి.

ఇంటికి వచ్చే దారిలో, వీధి మలుపు దగ్గర ఆయన ఆగిపోయాడు. "నేనే చేశాను" అన్నాడు. బాగుండాలని చేసిందే ఇలా తిరగబడ్డందుకు ఆయనకి ఏడుపొచ్చింది. ఆవిడ పంజరం ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుని, ఖాళీ అయిన చేత్తో ఆయన మోచెయ్యి పట్టుకుంది.

మర్నాడు ఆయన జామ కొమ్మలు తెచ్చాడు. కడుగుతున్నంతసేపూ చెయ్యి దానంతటదే గరుకు కాగితం వైపు పోయింది, వెనక్కి లాక్కున్నాడు. చిత్రిక పట్టని చెక్క ఆ ఇంట్లోకి రావడం అదే మొదలు. కట్టు మార్చడానికి ఇద్దరు మనుషులు కావాలి. ఆయన తువ్వాల్లో మేష్టారిని పట్టుకునేవాడు, ఆవిడ కట్టేది.

"గట్టిగా పట్టుకోండి."

"నొప్పి పుడుతుందేమో."

"వదిలేసినట్టు పట్టుకుంటేనే భయపడుతుంది. పట్టుకున్నట్టు తెలియాలి."

పెచ్చు ఊడింది, వాపు దిగింది. మళ్ళీ చూపిస్తే డాక్టరు కొత్త చర్మం వచ్చిందని చెప్పి కట్టు తీసేసింది. మేష్టారు జామ కొమ్మ మీద రెండు కాళ్ళూ ఆనించి నిలబడ్డారు. ఇల్లు సమంగా నిలబడింది. అత్తగారు గ్లాసు నిండా టీ పోయించుకుని తాగారు.

ఇల్లు కుదుటపడింది కానీ ఆవిడ కుదుటపడలేదు. ఇన్నాళ్ళూ సూట్‌కేసు గుమ్మం దగ్గరికి దానంతటదే పోయేది, ఒరుగుడు మీదికి నెట్టెయ్యొచ్చు. ఇప్పుడు పెట్టినచోటే ఉంటోంది. వెళ్ళాలంటే తన చేత్తోనే తోసుకుపోవాలి. ఆదివారం భోజనాలయ్యాక ఆవిడ చీర మార్చుకుని, సూట్‌కేసుని గుమ్మం దాకా తోసింది. అత్తగారికి చెప్పింది. చెప్పులు వేసుకోవడానికి వంగి, పట్టీ పెట్టుకుంది, మళ్ళీ తీసి మళ్ళీ పెట్టుకుంది. ఆయన వంటింటి గుమ్మంలో చేతులు జేబులో పెట్టుకుని నిలబడ్డాడు.

పంజరంలో మేష్టారు క్యారెట్టు తిని, ముక్కు కొమ్మకి రాసుకుని, కళ్ళు మూశారు. నయమైన ఎడమ కాలి మీద బరువు వేసి, కుడి కాలు ఈకల్లోకి ముడుచుకున్నారు.

ఇల్లు మెల్లగా పెరటి వైపు ఒరిగింది.

గుమ్మం దగ్గర సూట్‌కేసు కదిలింది. ఆవిడ పట్టుకోబోయి ఆగిపోయింది. అది హాల్లోంచి, పంజరం కిందుగా, తొందరేమీ లేకుండా దొర్లుకుంటూ వెళ్ళి ఆయన మోకాళ్ళకి తగిలింది.

ఆయన జేబులోంచి ఒక అడ్డుచెక్క తీశాడు. జామ కొమ్మ ముక్క, బెరడు తియ్యనిది. ఎన్నాళ్ళుగా జేబులో ఉందో ఏమో. వంగి దాన్ని చక్రం కింద కొట్టాడు.

"నాకు ఇష్టం లేదు" అన్నాడు. ఆ మాట ఆయన నోట్లో ఎప్పుడూ తిరగలేదేమో, గీరుకుపోయినట్టు వచ్చింది. "వెళ్తే నేనూ వస్తాను, లేతు అక్కడ పెట్టుకుంటాను. లేదా నువ్వు ఉండిపో. ఒక్కదానివీ వెళ్ళడం మాత్రం నాకు ఇష్టం లేదు."

"ఎవరైనా ఆ వీధి తలుపెయ్యండర్రా" అని అత్తగారు కుర్చీలోంచి అరిచారు. "పోయిన నిమ్మకాయలన్నీ ఇంట్లోకి వస్తున్నాయి."

ఎవరూ వెయ్యలేదు. ఆవిడ చెప్పులతోనే హాలు దాటి వచ్చి ఆయన ఎదురుగా నిలబడింది. ఒక చెయ్యెత్తి, దుకాణంలో అద్దం పెట్టినట్టు, ఆయన కళ్ళ ముందు పెట్టింది. "ఇలా బాగుందా?" తర్వాత చెయ్యి తీసేసింది. "అలా బాగుందా?"

"ఇలా" అన్నాడు ఆయన, చెయ్యి అడ్డు లేకుండా ఆవిడనే చూస్తూ. "ఇలా బాగుంది."

ఆ సాయంత్రం రైలు ఆవిడ లేకుండానే వెళ్ళిపోయింది. ఆవిడ సూట్‌కేసు పక్కన నేల మీద కూర్చుని, అడ్డుచెక్క గట్టిగా ఉందో లేదోనని వేలితో నొక్కి చూసింది.

"గుచ్చుకుంటోందండీ" అంది.

"ఉండనీ" అన్నాడాయన.