సర్దారు చేతిలోని దుర్భిణి

"సముద్రం ఒడ్డుకి పోతన్నాం, నీకింక పనేటుంటాదే?" అని మొగుడు రంగయ్య అన్నప్పుడు పోలమ్మ మూడు రోజులకు సరిపడా బియ్యం, పప్పు, చింతపండు విడివిడిగా మూటలు కడుతోంది. సెలవంటే ఏమిటో దీవి అంచున సముద్రపు ఊరైన సుయాక్ చేరిన గంటకే ఆమెకు తెలిసిపోయింది. పొయ్యి మారింది, పొగ మారలేదు. దిగింది జోసెలిన్ అనే చేపలవాళ్ళ ఆవిడ ఇంట్లో. ఆ పరాయి వసారాలో గిన్నెలెక్కడున్నాయో వెతుక్కోవడం అదనపు పని.

రంగయ్య షెమాన్ గ్రెనియే ఊరి దగ్గర చెరకు తోటలో కూలీల మీద సర్దారు. తోట దొర వేటకు వెళ్ళినప్పుడల్లా ముందు నడిచి, జింక ఏ పొద మాటున ఉందో చూపించేది అతనే. అలా అతనికి పిట్టల పిచ్చి, జంతువుల పిచ్చి పట్టుకున్నాయి. కోతలు ముగిశాక దొర మూడు రోజుల సెలవిచ్చి, తన పాత రెండు గొట్టాల దుర్భిణి చేతిలో పెట్టి, సుయాక్ కొండ అంచున పొడుగు తోక తెల్లపిట్టలు గూళ్ళు ఎక్కడ పెట్టాయో చూసి రమ్మన్నాడు. పెళ్ళాన్ని కూడా షికారుకు తీసుకెళ్తున్నాడని కూలీల కాంపులో అందరూ బుగ్గలు నొక్కుకున్నారు. తీసుకెళ్ళక ఏం చేస్తాడు, అన్నం ఎవరు వండాలి?

పోలమ్మ భయం పొయ్యి గురించి కాదు. ఆమెకు దూరం కనపడదు. పది అడుగులు దాటితే మనిషి మనిషిలా ఉండడు, మరకలా ఉంటాడు. పెళ్ళయిన మరుసటేడు మొదలైంది, ఏడాదికేడాది ముదిరింది. ఆరేళ్ళుగా ఎవరికీ తెలియనివ్వలేదు. తోట నుంచి మొగుడు రావడం దూరం నుంచే చూసి, చెంబుతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడాలనేది ఆ ఇంటి పద్ధతి. ఆమె అతని దగ్గు విని నిలబడేది. అతను దగ్గని రోజున నడక విని నిలబడేది. ఒకసారి ఆ నడకే మోసం చేసింది, నీళ్ళచెంబు పక్కింటి కన్నయ్యకు అందించింది. ఆ రాత్రి రంగయ్య చెయ్యి చేసుకున్నాడు. "దీనికి కళ్ళు నెత్తికెక్కినాయి. పెద్దోలు ఎదురొచ్చినా పలకరించదు," అని అత్త అంకమ్మ ఊరంతా చాటింది. పోలమ్మ మాత్రం గుడ్డిది అనిపించుకోవడం కన్నా పొగరుబోతు అనిపించుకోవడమే నయమనుకుంది.

ఎందుకంటే తోడికోడలు ముత్యాలమ్మకు ఏం జరిగిందో ఆమెకు తెలుసు. ముత్యాలమ్మకు కుడిచెయ్యి పడిపోయింది. నెల తిరక్కుండా పెట్టె సర్ది, బండెక్కించి పుట్టింటికి పంపేశారు. "సెయ్యి లేని కోడలు ఇంట్లో ఎందుకు, బొమ్మలా కూకోబెట్టడానికా?" అంది అంకమ్మ. మళ్ళీ చెరకు కోతలు మొదలయ్యేలోపు ఆ గదిలో కొత్త కోడలు దిగింది. ఆనాటి నుంచి పోలమ్మకు ఆ బండి చప్పుడు చెవిలోనే ఉండిపోయింది.

రెండో రోజు పొద్దున్న ముగ్గురూ కొండ అంచుకు వెళ్ళారు. దారి చూపడానికి జోసెలిన్ ముందు నడిచింది. "దీని జోలికి రాకు, పగిలితే దొర పేణం తీసేత్తాడు," అని రంగయ్య దుర్భిణిని మెడలోనే ఉంచుకున్నాడు. "అదిగో, సూసినావా?" అని అతను అనడం, "సూసినాను," అని ఈమె అనడం. అతని గొంతు పైకి లేస్తే పిట్ట పైన ఉన్నట్టు, గొంతు తగ్గితే రాళ్ళలో ఉన్నట్టు. అలా లెక్కేసుకుని తల తిప్పుతోంది. చీర కింద ఒళ్ళంతా చెమటలు. జోసెలిన్ మాత్రం పిట్టల్ని మానేసి పోలమ్మ మొహాన్నే చూస్తోంది.

"ఒలే, ఆ నల్లరాతి కాడ తాబేలు! బండిసక్రమంత ఉంది!"

"ఓలమ్మ! ఎంత పెద్దదో!"

రంగయ్య పగలబడి నవ్వాడు. "అక్కడేటీ లేదే! ఊరికే అన్నాను." నవ్వుతూ నవ్వుతూ ఆగిపోయాడు. నాలుగడుగులు వెనక్కి, మరో నాలుగడుగులు వెనక్కి వేశాడు. "ఇయ్యెన్ని వేళ్ళో సెప్పు?" అన్నాడు. అతను చెయ్యి ఎత్తాడో లేదో కూడా పోలమ్మకు తెలియలేదు. అక్కడే కూలబడింది.

"ఎన్నాళ్ళ నుంచే?"

"ఆరేళ్ళు."

జోసెలిన్ పక్కనే కూర్చుని ఆ దీవి భాష క్రెయోల్‌లో మెల్లగా చెప్పింది: "నీ కళ్ళు పోలేదమ్మా. మా చెల్లికీ ఇంతే. పట్నం తీసుకెళ్ళి క్యూర్‌పైప్‌లో కళ్ళద్దాలు కొనిపెట్టాం. ఇప్పుడు బాగానే చూస్తోంది."

రంగయ్య గొంతు పీలగా వచ్చింది. "దొరసానులు పెట్టుకునే అద్దాలు మన ఆడది ముక్కుమీద పెట్టుకుంటే కాంపు నవ్వదా? మాయమ్మ ఊరుకుంటాదా? ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చినావు కదే, అలాగే నెట్టుకురా. నాను ఎవరికీ సెప్పను." ఎంతో ఉపకారం చేసినట్టే అన్నాడు.

ఒక్క క్షణం పోలమ్మ ప్రాణం కుదుటపడింది. పంపించెయ్యడు, చాలు. ఆ వెంటనే కోపం తన్నుకొచ్చింది. ఇంకా ఎన్నేళ్ళు? దగ్గులు వింటూ, నడకలు వింటూ, లేని తాబేలును పొగుడుతూ? లేచి వెళ్ళి, అతని మెడలోంచి దుర్భిణి తీసేసుకుంది. అతను తెల్లబోయి, అడ్డుపడటం కూడా మరిచిపోయి, వెనక్కి జరుగుతూ ఇరవై అడుగుల అవతల ఉన్న రాతిదాకా వెళ్ళి నిలబడ్డాడు.

మధ్యలో ఉన్న చిన్న చక్రం తిప్పమని జోసెలిన్ చూపించింది. పోలమ్మ తిప్పింది. అంతా మసక. ఇంకాస్త తిప్పింది. ఉన్నట్టుండి రాళ్ళకు పగుళ్ళొచ్చాయి, కెరటానికి నురగొచ్చింది. పగుల్లో తెల్లగా ఒక పిట్ట, కంటికి కాటుకలా నల్లగీత, ఒంటికన్నా పొడుగు తోక. పోలమ్మ ఏడ్చింది. దాచుకోలేదు, గట్టిగానే ఏడ్చింది.

తర్వాత దుర్భిణిని మొగుడి మీదికి తిప్పింది. ఆ మొహానికి ఆరేళ్ళుగా వణికింది, అంత దూరం నుంచి ఎన్నడూ చూడలేదు. రంగయ్య పెదాలు తడుపుకుంటున్నాడు. తమనెవరైనా చూశారేమోనని కాంపు ఆడవాళ్ళలా అటూ ఇటూ చూస్తున్నాడు. తల్లి మాటకు, కాంపు నవ్వుకు హడలిపోతున్న మొహం. ఆమెకు జాలీ వేసింది, నవ్వూ వచ్చింది.

"నానొక్కదాన్నే బయపడతన్నాననుకున్నాను మావా," అంది దుర్భిణి దించకుండానే. "రేపు క్యూర్‌పైప్ రైలు ఎన్నింటికో టేసన్‌లో అడిగిరా. నువ్వు అడక్కపోతే నానే పోయి అడుగుతాను."