కారం చుట్టలు

గురవమ్మ పుట్టింటికి వచ్చి ఆరు రోజులయింది. ఈ ఆరు రోజుల్లో ఆమె కడుపులో నిలిచింది నాలుగు గుక్కల మజ్జిగ మాత్రమే. నడికుడిలో రైలు పట్టాల మీద పనిచేసే మొగుడు ఆమెను మాచర్ల బండిలో తీసుకొచ్చి, "మీ దగ్గరయినా తింటదేమో మామా" అని దిగబెట్టి మర్నాడే పనిలోకి పోయాడు. ఆమెకు మూడో నెల. కిందటేడు ఇలాగే తిండి నిలవక ఒక కడుపు పోయింది. మంత్రసాని వచ్చి చూసి, "ఇంకో నాలుగు రోజులు ఇట్టాగే ఉంటే ఇదీ దక్కదు" అని మొహం మీదే చెప్పి వెళ్లింది.

ఆమె తండ్రి చిన్నకోటయ్య నాపరాయి గనిలో పలకలు లేపే మనిషి. నలభై ఏడేళ్లు వచ్చాయి. ఆలి పోయి పదేళ్లయింది. గడ్డపారతో రాయిని ఎక్కడ తడితే ఎక్కడ విచ్చుకుంటుందో చెప్పగలడు గానీ, మంచంలో వడిలిపోయి పడున్న కూతురిని ఏం చెయ్యాలో అతనికి తెలియలేదు.

"ఏం తినాలనుందే తల్లీ? ఏదన్నా చెప్పు, తెస్తా," అన్నాడు.

గురవమ్మ కళ్లు తెరవకుండానే, "కారం చుట్టలు," అంది. "అమ్మ చుట్టేది చూడు, అయ్యి."

ఆ మాట విని పదేళ్లయింది. కోటయ్యకు గని కళ్లముందు కదిలింది. మధ్యాహ్నం పూట రాళ్ల గుట్ట నీడలో అందరూ గొంతుక్కూర్చునేవాళ్లు. చేతులు కడుక్కునే నీళ్లుండేవి కావు. తాగడానికే చాలేవి కావు. రాతి దుమ్ముతో వేళ్లు తెల్లగా పాలిపోయి ఉండేవి. అందుకే అతని ఆలి రోశమ్మ జొన్నరొట్టెను ఎర్రటి మిరప పులుసులో ముంచి, లోపల మెదిపిన అలసందలూ ఉల్లిపాయ ముక్కలూ పెట్టి, గట్టిగా చుట్టి, మోదుగాకులో పెట్టి ఇచ్చేది. ఆకును పట్టుకుని కొరుక్కుని తినడమే, చెయ్యి తగిలే పనిలేదు. పక్కవాళ్లు సంగటి ముద్దలో దుమ్ము కలుపుకుని తింటూ కుళ్లుకునేవాళ్లు.

"ఏందిరా కోటయ్యా, నీ పెళ్లాం చుట్టలిచ్చిద్ది గానీ అగ్గిపెట్టె ఇయ్యదా?" అనేవాడు తోటి కూలీ ఇశ్రాయేలు.

"నోట్లో పెట్టుకో, అదే అంటుకుంటది," అని ఒకటి అతనికి ఇచ్చేవాడు కోటయ్య. అలా ఒకరికి ఇవ్వగలిగినది అతని బతుకులో అదొక్కటే.

ఇంతకీ వాటిని ఆమె ఎలా చేసేదో అతను ఒక్కనాడూ చూడలేదు. లేచేసరికి ఇల్లంతా మిరప పులుసు ఘాటు నిండి ఉండేది. చుట్టలు దాకలో ఒకదానికొకటి ఆనుకుని పడుకుని ఉండేవి. తీసుకుని గనికి పోయేవాడు.

"చేస్తా ఉండు," అని కూతురికి చెప్పి లేచాడు.

రొట్టె తట్టడం అతనికి కొత్తేమీ కాదు, ఒంటి బతుకు నేర్పింది. ఎండుమిరపకాయలు నానబెట్టి, వెల్లుల్లీ ఉప్పూ వేసి రోట్లో నూరాడు. చింతపండు రసం పోసి మరిగించాడు. పెనం మీంచి తీసిన రొట్టెను పొగలు కక్కుతుండగానే పులుసులో ముంచాడు. ఎత్తబోతే అది వేళ్ల సందుల్లోంచి జారి దాకలో అంబలయిపోయింది. రెండోదాన్ని చల్లారనిచ్చి ముంచితే చుట్టబోతుంటే మూడు ముక్కలయింది. పిండి మరింత వేడినీళ్లతో కలిపాడు, మందంగా తట్టాడు, పల్చగా తట్టాడు. మర్నాడు గని మానేసి మళ్లీ మొదలుపెట్టాడు. ముక్కల్ని పోగుచేసి గిన్నెలో పెట్టి ఇస్తే గురవమ్మ ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది. మరుక్షణం పెరట్లోకి పరిగెత్తింది.

వచ్చి గోడకు చేరగిలబడి, "మెత్తగా పేస్టులాగుంది నాయనా. అమ్మది ఇట్టా ఉండేది కాదు. కొరికితే పంటికింద ఆగేది," అంది. ఆ పిల్ల చెయ్యెత్తితే గాజులు మోచేతి దాకా జారాయి.

ఇక మిగిలింది పుల్లమ్మ. రెండిళ్ల అవతల ఉంటుంది. రోశమ్మతో కలిసి గనిలో రాతిముక్కలు మోసిన మనిషి, రోశమ్మ అక్కా అని పిలిచేది. కోటయ్య ఆమెతో మాట్లాడి పదేళ్లవుతోంది. రోశమ్మ పోయిన పదకొండో నాడు పుల్లమ్మ తల్లిలేని పిల్ల కోసమని తట్టలో నాలుగు రొట్టెలు తెచ్చింది. కోటయ్య ఒకదాన్ని నొక్కి చూసి, "చద్దివి తిని బతికే గతి మాకింకా పట్టలేదులే," అని తిప్పి పంపాడు.

చద్ది అంటే అతనికి అంత రోత. మూడో తరగతిలో బడి మాన్పించి తండ్రి అతన్ని ఒక మోతుబరి ఇంట్లో గొడ్లు కాయడానికి పెట్టాడు. ఆ ఇంటి ఇల్లాలు ముందురోజు మిగిలినది పెరటి గుమ్మంలోంచి పడేసేది, చేతికి కూడా ఇచ్చేది కాదు. కుక్క ముందొస్తే కుక్కది, తను ముందొస్తే తనది. అలా తొమ్మిదేళ్లు. ఆ ఇంటివాళ్ల మీద కసి ఇప్పటికీ తగ్గలేదు. తన కొంపలో మాత్రం నిన్నటి ముద్ద నేడు తినకూడదని ఒట్టు పెట్టుకున్నాడు. రొట్టె మిగిలితే గేదెకు వేసేవాడు.

పుల్లమ్మ వాకిట్లో కందులు చెరుగుతోంది. అతన్ని చూసి చేట ఆపలేదు.

"దారి తప్పావా ఏంది మరిదీ?"

"గురవికి బాగాలేదు వదినా."

"తెలుసు. ఊరంతా తెలుసు. నువ్వు రొట్టెల్ని అంబలి కాస్తన్నావని కూడా తెలుసు, వాసన ఇక్కడిదాకా కొడతంది."

కోటయ్య గుమ్మం ముందు అరుగు మీద కూర్చున్నాడు. తలెత్తకుండా, "రోశమ్మ చుట్టలు ఎట్టా చేసేదో చెప్పు. ఏడికేడిగా ముంచితే కరిగిపోతన్నయ్యి," అన్నాడు.

పుల్లమ్మ చేట కింద పెట్టింది. "చెప్పనని దానికి మాటిచ్చా," అంది.

"పిల్ల చచ్చిపోయేట్టుంది వదినా."

"సరే, నేనొకటి అడుగుతా, చెప్పు. పొద్దున పూట మీ ఇంట్లో రొట్టె తట్టిన చప్పుడు ఎన్నడన్నా విన్నావా?"

కోటయ్య ఆలోచించాడు. రొట్టె తడితే ఆ చప్పుడు వీధి చివరికి వినపడుతుంది. సందెవేళ రోశమ్మ గాజుల చప్పుడుతో కలిసి వినపడిన ఆ తాళం అతని చెవుల్లో ఇప్పటికీ ఉంది. పొద్దుటిది ఒక్కటి కూడా గుర్తు రాలేదు. పన్నెండేళ్ల కాపురంలో ఒక్క పొద్దు కూడా లేదు.

"యాడ వింటావు? తడితే గదా!" అంది పుల్లమ్మ. "కాపరానికొచ్చిన మూడోనాడు చద్ది పెట్టిందని తట్ట ఎత్తి వాకిట్లో పారేశావంట. మరి అదేమో కోడికూతకు నీళ్లకు పోవాల, గొడ్డును చూడాల, నీతో సమానంగా గనికి రావాల. నీకు మళ్లా ఏడి రొట్టె ఎప్పుడు తడతది? రాత్రియ్యి దాచిపెట్టి, పొద్దున కాగే పులుసులో ముంచి చుట్టేది. బిర్రుగా ఎండిన రొట్టె గనక పులుసు తాగి వంగేది, విరిగేది కాదు. నువ్వేమో ఊరందరికీ పంచిపెట్టుకుంటా, మా ఆడది తెల్లారకముందే లేచి చేసిద్దని గొప్పలు! మేమిద్దరం తట్టలు మోస్తా ఎంత నవ్వుకునేవాళ్లమో."

కోటయ్య చివాలున లేచాడు. తను చద్ది తిన్నాడు! కుక్కతో పోటీపడి తిన్న తొమ్మిదేళ్ల మీద ఇంకో పన్నెండేళ్లు, అదీ లొట్టలేసుకుంటూ. ఎవరి మీద అరవాలో తెలియలేదు. అరవాల్సిన మనిషి పదేళ్లుగా లేదు.

"నన్ను ఎర్రోణ్ణి చేసింది," అన్నాడు.

"చేసింది. అయితే ఇప్పుడేంది? పోయి పంతం తింటావా, పిల్లకు రొట్టె పెడతావా?"

అతను ఇంటిదారి పట్టాడు. ఇంటికి వచ్చి కొంచెంసేపు గేదె దగ్గర నిలబడ్డాడు. పొద్దు వాలుతుండగా పిండి కలిపి ఆరు రొట్టెలు తట్టాడు. రెండు తను వేడిగా తిన్నాడు. నాలుగింటిని నాపరాతి పలక మీద విడివిడిగా పరిచి, మీద బుట్ట బోర్లించాడు.

"నాకు పెట్టవా నాయనా?" అంది గురవమ్మ లోపలినుంచి.

"రేపు పొద్దున."

తెల్లవారి బుట్ట ఎత్తేసరికి రొట్టెలు బిర్రబిగిసి ఉన్నాయి. ఒకదాన్ని వేలితో తడితే టక్కుమంది. పులుసు తెర్లుతుండగా అంచులు పట్టుకుని ముంచాడు. వెంటనే తియ్యలేదు, మూడుసార్లు ఊపిరి తీసేంతసేపు ఉంచాడు. పైకి తీస్తే వేళ్లు కాలాయి గానీ రొట్టె జారలేదు. తడిబట్టలా వంగింది. అలసందల ముద్ద పెట్టి చుట్టి, మడత కిందికి వచ్చేలా దాకలో పడుకోబెట్టాడు. అది విచ్చుకోలేదు. దాని పక్కనే ఇంకోదాన్ని ఆనించాడు.

మోదుగాకులో ఒకటి పెట్టి గురవమ్మ చేతికిచ్చాడు. ఆమె కొరికింది. నమిలింది. కోటయ్య చూస్తూ నిలబడలేక గేదెకు గడ్డి వేసే వంకతో పెరట్లోకి వెళ్లాడు. కూతురు కక్కుకోడానికి పరిగెత్తుకొస్తే దారికి అడ్డం కాకుండా పక్కకు తప్పుకుని నిలబడ్డాడు. కాళ్ల చప్పుడు కోసం చెవులు రిక్కించాడు. గేదె నెమరు తప్ప ఏమీ వినపడలేదు.

"నాయనా."

"ఏందే?"

"ఇంకోటి."

నాలుగింట్లో మూడు తిన్నది. నాలుగోదాని సగం ఆకులో అతనికి పెట్టింది. కోటయ్య దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నోట్లో పెట్టుకున్నాడు. నిదానంగా నమిలాడు.

"పులుపు కాస్త ఎక్కువయింది," అన్నాడు.

"బానే ఉంది. మధ్యాన్నానికి ఇంకో నాలుగు చెయ్యి."

"మధ్యాన్నానికి కుదరదు."

"ఏం? పిండి లేదా?"

"పిండి ఉంది. రొట్టె నిన్నటిదయి ఉండాల," అన్నాడు కోటయ్య. "మీ అమ్మ అట్టాగే చేసేది."