పెన్సిల్ బాబాయ్ చీటీలు

పొద్దున ఎనిమిదింటికి ల్యాబ్‌లో యంత్రం మూత తీసిన డాక్టరమ్మకి గుండె జారిపోయింది. లోపల నలభై రెండు ప్లాస్టిక్ డబ్బీలు కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. నిన్న సాయంత్రం వాటి మీద తన చేత్తో రాసిన నంబర్లలో ఒక్కటీ మిగల్లేదు.

అగ్గిపెట్టెంత ఆ డబ్బీల్లోనే ఆమె మూడేళ్ల పరిశోధన ఉంది. పిత్తాశయం తీయించుకున్నవాళ్లలో కొందరికి కుట్లకి చీము పడుతుంది, కొందరికి పట్టదు. ఆ సంగతి పిత్తాశయం గోడని చూసి ముందే చెప్పొచ్చేమో తేల్చాలని ఈ సర్జన్ పిల్ల పట్టుబట్టి కూర్చుంది. నలభై రెండు మందిని బతిమాలి, సంతకాలు పెట్టించి, ఒక్కొక్కరిదీ గోరంత ముక్క దాచింది. నిన్ననే ముక్కలన్నీ సీసాల్లోంచి డబ్బీల్లోకి మార్చి, రాత్రంతా మైనం పట్టించే ఈ యంత్రంలో సర్ది, సీసాలు శుభ్రంగా కడిగి బోర్లించింది కూడా. ఇప్పుడు ఏ ముక్క ఎవరిదో తెలియకపోతే మొత్తం చెత్తబుట్ట పాలే. తీసేసిన పిత్తాశయం మళ్లీ మొలవదు కదా.

ముందే జాగ్రత్త చెప్పేవాళ్లు లేక కాదు. ఆ ల్యాబ్‌లో ముప్పై ఏళ్లుగా పనిచేస్తున్న టెక్నీషియన్ని అందరూ పెన్సిల్ బాబాయ్ అంటారు. చెవి మీద పెన్సిల్ లేకపోతే ఆయన్ని పెళ్లాం కూడా గుర్తుపట్టదని వెక్కిరిస్తారు. నిన్న ఆయన చిలక్కి చెప్పినట్టు చెప్పాడు, డబ్బీల మీద పెన్సిల్‌తోనే రాయమని.

"ఇది చెరగని మార్కర్ బాబాయ్. నీళ్లలో నానబెట్టి మరీ చూశాను," అంది డాక్టరమ్మ.

నానబెట్టిన మాట నిజమే. కాకపోతే యంత్రంలో మైనానికి ముందు పోసేది నీళ్లు కాదు, స్పిరిట్టు. అది రాత్రంతా సిరాని నమిలి మింగేసింది.

తొమ్మిదింటికి బాబాయ్ తాపీగా వచ్చేసరికి ఆమె స్టూలు మీద కూలబడి ఉంది. ఏడ్చి ఏడ్చి ముక్కు ఎర్రబడింది.

"అన్నీ పోయాయి బాబాయ్. ఆ నలభై రెండు మందికీ నేనేం మొహం చూపించను?"

ఆయన యంత్రంలోకి తొంగిచూసి, "నీ చెరగని మార్కర్ భలే చెరిగిందే," అన్నాడు. ఒక డబ్బీ తీసి ఆమె చేతిలో పెట్టాడు. "మూత తియ్యి."

తీసింది. మైనం పట్టిన ముక్క పక్కన వేలిగోరంత కాగితం చీటీ ఉంది. దాని మీద పెన్సిల్‌తో, గుండ్రటి అక్షరాల్లో: పదిహేడు.

ఇంకోటి తీసింది. ముప్పై ఒకటి. మరోటి. నాలుగు. తీసినవాటిని నంబర్ల వరసలో పేర్చింది. నలభై రెండూ లెక్కకొచ్చాక పోయిన ప్రాణం లేచొచ్చి, ఏడుస్తూనే నవ్వేసింది.

"ఎప్పుడు పెట్టావు?"

"నువ్వు ఇంటికెళ్లాక, యంత్రం నడిపే ముందు. మూతలు తీస్తూ, నీ నంబర్లు చూసి రాస్తూ రెండు గంటలు కూర్చున్నాను. నడుం పట్టేసింది."

"నన్ను ఆపి తిట్టొచ్చుగా?"

"తిడితే వినే వయసా నీది? నీ వయసులో నేనూ వినలేదు. మూడు డబ్బీల మీద పెన్నుతో రాశాను, చెరిగిపోయాయి. ముగ్గుర్నీ పిలిపించి మళ్లీ కోశారు. అందులో ఒకటి మా అత్తగారి చేతి మీది గడ్డ. బతికినన్నాళ్లూ ఆ రెండో మచ్చ కనిపించేలా చెయ్యి చాపి మరీ నాకు వడ్డించింది."

డాక్టరమ్మ పడీపడీ నవ్వింది. నవ్వు ఆగాక పరిశోధన పుస్తకం తెరిచింది. జరిగిన పొరపాటంతా రాయాలి, సాక్షి సంతకం చేయించాలి, ప్రొఫెసర్‌కి చూపించాలి. చివాట్లు తప్పవు. చివాట్లేగా, తినొచ్చు. బుద్ధిగా బాబాయ్ చెవి మీది పెన్సిల్ కోసం చెయ్యి చాపింది.

ఆయన తల వెనక్కి తీసుకున్నాడు.

"డబ్బీ మీదైతే పెన్సిల్. తప్పు ఒప్పుకునే చోట మాత్రం పెన్నే అమ్మాయ్. రేపు చెరిపేద్దామన్న బుద్ధి ఎవరికైనా పుట్టొచ్చు, ఆ మూడు డబ్బీలప్పుడు నాకు పుట్టింది."

ఆమె పెన్ను తీసి తేదీ వేసింది. కింద సాక్షిగా ఆయనా పెన్నుతోనే సంతకం పెట్టాడు.