నూలు గ్లౌజు

నాగజ్యోతికి పట్టుదల ఎక్కువ. తండ్రి ఓబులాచారికి అంతకంటే ఎక్కువ. ఆళ్లగడ్డలో నలభై ఏళ్లుగా విగ్రహాలు చెక్కే మనిషి, సొంతింటి బాత్రూంకు టైల్స్ వేయడానికి ఇంకొకరు ఎందుకని తానే కూర్చున్నాడు.

పెద్ద టైల్స్ అన్నీ అయిపోయాయి. గోడవారన రెండు వేళ్ల సందు మిగిలింది. దానికి సన్నటి పట్టీలు కొయ్యాలి. అద్దెకు తెచ్చిన టైల్స్ కోసే మిషన్ మీద చక్రం గిర్రున తిరుగుతుంటే, ఆయన చిన్న ముక్కను వేళ్లతోనే పట్టుకుని దానికి ఆనిస్తున్నాడు. గుమ్మంలోంచి నాగజ్యోతి అది చూసింది. వచ్చే నెల నరసింహస్వామి విగ్రహానికి కళ్లు చెక్కాల్సిన వేళ్లవి.

మర్నాడే నంద్యాల పోయి నూలు గ్లౌజులు తెచ్చింది.

"ఏందిమ్మా ఇవి? తిరిగే చక్రం కాడ గుడ్డ ఉండకూడదు" అన్నాడు తండ్రి.

"వేళ్లు పోతే సామికి కండ్లు ఎవురు పెడతారు? ఏసుకో నాయనా. ఏసుకునేదాకా నేను అన్నం తినను."

అన్నం మాట వస్తే ఆయన ఓడిపోతాడు. తొడుక్కున్నాడు. గ్లౌజులు ఒక సైజు పెద్దవి. వేళ్ల కొసలు ఖాళీగా వేలాడుతున్నా, గెలిచిన సంబరంలో ఆమె పట్టించుకోలేదు.

మూడో పట్టీ దగ్గర చక్రానికి నూలుపోగు చిక్కింది. ఒక్క గుంజుతో ఆయన కుడిచెయ్యి చక్రం వైపు పోయింది. తెల్లటి వేళ్లు చక్రానికి చుట్టుకుని గిరగిరా తిరిగాయి. నాగజ్యోతి నోరు తెరిచింది గానీ అరుపు రాలేదు. స్విచ్చు పక్కనే ఉంది. చెయ్యి లేవలేదు. చివరికి ఆయనే ఎడమచేత్తో ఆపాడు.

చక్రానికి చుట్టుకున్నది ఖాళీ గ్లౌజు. వదులుగా ఉండబట్టి ఊడిపోయింది. సరిపోయేది కొనుంటే చెయ్యి కూడా దాంతోపాటే పోయేది.

ఆమె తండ్రి కుడిచేతి వేళ్లు లెక్కబెట్టింది. ఐదు. నమ్మకం కలక్క మళ్లీ లెక్కబెట్టింది.

ఆయన లేచి, పొడుగాటి చెక్కకు టైల్ ముక్కను బంకతో అంటించాడు. అది గట్టిపడ్డాక, ఉత్త చేతులతో చెక్క కొసను పట్టుకుని జానెడు దూరం నుంచి నెట్టాడు. పట్టీ నున్నగా తెగింది.

"ఇట్ల కొయ్యొచ్చని నీకు ముందే తెలుసా నాయనా?"

"తెలుసు. నా వేళ్లకేమవుతాదిలే అనుకుంటి."

"గ్లౌజులు ముప్పని గూడా తెలుసు గదా. మల్ల ఎందుకేసుకుంటివి?"

"నువ్వు అన్నం తిననంటివి గదమ్మా" అన్నాడు ఆయన, ఇంకో ముక్కను చెక్కకు అంటిస్తూ.

ఆ పూట నాగజ్యోతికి ఒక్క ముద్ద కూడా గొంతు దిగలేదు.