కుంకుమ కింద కుట్లు

నేను ఒక సేఫ్టీ బెల్టును. ఎత్తు మీద పనిచేసే కూలీ భుజాలకూ తొడలకూ బిగిసి, వీపు మీది ఇనుప రింగుతో అతన్ని పట్టుకుని ఉండే పసుపు పట్టీలను. ఒకసారి పడే మనిషిని ఆపిన బెల్టును మళ్లీ వాడకూడదని రాసిన చీటీ ఒకటి, ఫ్యాక్టరీలోనే నా మెడకు కుట్టారు. ఇంగ్లీషులో ఉంది. హైదరాబాదు శివార్లలో ఇరవై అంతస్తులు లేస్తున్న ఆ కట్టడంలో దాన్ని చదివినవాళ్లను నేను చూడలేదు. చదవగలిగినవాళ్లకు బెల్టుతో పనిలేదు.

మొదట నన్ను తొడుక్కున్నవాడు ఒడిశా నుంచి వచ్చిన సుదామ్. తొమ్మిదో అంతస్తులో కాలి కింద పలక జారి పడ్డాడు. నేను ఆపాను. ఆ కుదుపుకు రింగు దగ్గర నా కుట్లు సగానికి పైగా తెగాయి. అందరూ అతన్ని చూశారు. నన్ను చూసింది స్టోర్ కీపర్ గోవర్ధన్ ఒక్కడే. సంచిలో కుక్కి, గేటు బయట చెప్పులు కుట్టే అతని దగ్గరికి తీసుకెళ్లి, లెక్కలో బెల్టు తగ్గకుండా మళ్లీ కుట్టించాడు. ఆ రోజు నుంచి నా మీద నాకే అనుమానం.

వారం తిరక్కుండా విశ్వకర్మ పూజ వచ్చింది. తాపీలనూ డ్రిల్లు మిషన్లనూ వరుసగా పేర్చి, మధ్యలో నన్ను పెట్టారు. ప్రాణం నిలబెట్టిన బెల్టునట! సరిగ్గా ఆ కొత్త కుట్ల మీదే మందంగా కుంకుమ మెత్తారు. ఇక నా కోసం పోటీ. కొత్త బెల్టులు కొక్కేలకు వేలాడుతుంటే నన్నే ఇమ్మని బతిమాలేవారు. గోవర్ధన్ ఏదో వరమిచ్చినట్టు ఇచ్చేవాడు. అతని నవ్వు చూసినప్పుడల్లా నా పట్టీలు బిగుసుకునేవి.

అలా ఒక రోజు మక్తల్ వైపు నుంచి వచ్చిన తాయప్ప చేతికి వచ్చాను. పద్నాలుగో అంతస్తు బయటి గోడకు పూత పని అతనిది. భార్య శివలీల కింద ఇటుకలు మోస్తుంది. ఏడో తరగతిలో బడి మాన్పించి, ఆమెను మేనత్త ఇంట్లో కుట్టుమిషను ముందు కూర్చోబెట్టారు. ఊరికే దేన్నీ నమ్మదు. తాగే నీళ్లు వాసన చూస్తుంది. ఏడాదిన్నర పాప నిద్రపోతుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తుంది.

“లక్కీ బెల్టే, లీలా! సుదామ్‌ను బతికిచ్చింది,” అన్నాడు తాయప్ప నన్ను బిగించుకుంటూ.

“మనిషిని ఆపింది సరే. మరి దానికేం గాలేదా?”

ఇన్నాళ్లలో ఆ మాట అడిగింది ఆమె ఒక్కతే.

కొంగు తడిపి కుంకుమ తుడవబోయింది. “పూజ చేసినదాన్ని తుడుస్తవా!” అని చుట్టూ ఉన్నవాళ్లు కసిరారు. తుడిచేసింది. నా సన్నటి తెల్లకుట్ల మధ్య లావుపాటి నల్లదారం బయటపడింది.

“కంపెనీ దారమేనమ్మా. నీకేం తెలుసు?” అన్నాడు గోవర్ధన్.

“కంపెనీల దారాన్ని పండ్లతోని కొరికి తెంపుతరా సారు? కొస సూడున్రి, నమిలినట్టున్నది.”

ఎవరో కిసుక్కుమన్నారు. సుదామ్ ముందుకొచ్చాడు. “దీదీ, నన్ను బచాయించింది ఇదే. డర్ వద్దు.”

“నిన్ను ఆపినప్పుడే తెగిందన్నా ఇది. ఎవలో అతుకేసిన్రు. ఈయన బరువంత ఇసుక కట్టి కిందికి తొయ్యున్రి. ఆగితే నేనే మల్ల కుంకుమ పెట్టి మొక్కుత.”

“నలుగుట్ల ఇజ్జత్ తీస్తున్నవే,” అని గొణిగాడు తాయప్ప.

“ఇజ్జత్ పోతే మల్ల తెచ్చుకుందం.”

రెండో అంతస్తు నుంచి ఇసుక మూటకు నన్ను బిగించి, నా రింగుకు తాడు కట్టి తోశారు. ఆపాలనే చూశాను. నల్లదారం టపటపా తెగింది. మూట నేలకు కొట్టుకుని పగిలి, ఇసుక గోవర్ధన్ బూట్ల దాకా చిమ్మింది. పడి లేచాక కూడా నాలుగు రోజులు నన్నే తొడుక్కుని ఎక్కిన సుదామ్ ఉన్నచోటనే కూలబడ్డాడు. తాయప్ప ఆ ఇసుకను చూస్తూ నిలబడిపోయాడు.

“ఇటివ్వు, తుక్కులో పడేస్తాను,” అన్నాడు గోవర్ధన్.

“తుక్కులకెల్లి ఇంకో దారమేసుకొని వస్తదేమో సారు. ముందు ఆ చీటీల ఏం రాసిన్రో గట్టిగ సదువున్రి. తెలుగుల చెప్పున్రి.”

చదివాడు. అంత మందిలో అతని గొంతు అంత చిన్నగా రావడం అదే మొదలు. సుదామ్ పక్కవాళ్లకు దాన్ని ఒడియాలో చెప్పాడు. శివలీల హాక్సా బ్లేడు అడిగి తీసుకుని నన్ను నాలుగు ముక్కలు చేసింది. కొక్కెం మీది కొత్త బెల్టు దించుకుని, దాని కుట్లు ఒక్కొక్కటీ తడిమి చూశాకే మొగుడికిచ్చింది.

నాలో ఇప్పుడు మిగిలింది నడుం పట్టీ ముక్క ఒక్కటే. గుంతల వైపు పోకుండా పాపను దానితో గుడిసె గుంజకు కడుతుంది. ముడి వేశాక మూడుసార్లు లాగి చూస్తుంది. నన్ను నమ్మదు. అదే నాకు ధైర్యం.

ఆ తర్వాత తలెత్తి, పైకెక్కుతున్న తాయప్పను కేకేస్తుంది.

“లాగి సూసినవా?”

“సూసిన!”

“ఇంకోపారి లాగు. నాకు కనవడాలె.”